తెర పక్కన అండీగారు

నరసరావుపేట,
శ్రావణ మాసం, ఆదివారం.

అక్కా,

నీ కాళ్ళకు దణ్ణం పెట్టి నీ చెల్లెలు తాయారు రాస్తున్న మాటలు. నేనూ మీ మరిదీ ఇక్కడ బాగానే ఉన్నాం. ఆ ముక్క అన్నిటికన్నా ముందు రాసేశాను. ఈ రోజుల్లో చేతికి కవరు వచ్చిందంటే నీ గుండె గుబేలుమంటుందని నాకు తెలుసు. ఎవరికీ ఏమీ కాలేదు. నిదానంగా కూర్చుని చదువు.

నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? ఆ నూనె రాస్తున్నావా, సీసా గూట్లో పెట్టి మర్చిపోయావా? బావగారి దగ్గు తగ్గిందా? శ్రీను సెల్‌ఫోన్ల కొట్టు పుంజుకుందా? మొన్న గోదావరికి వరద అని టీవీలో చెబుతుంటే నాకు అన్నం సయించలేదు. మన వైపు రాలేదని శ్రీను మెసేజ్ పెట్టాకే ముద్ద దిగింది.

ఫోనుండగా ఉత్తరం ఏమిటే అని విసుక్కుంటావు. ఫోనులో అయితే నేను మొదటి మాట అనగానే నువ్వు పెట్టేస్తావక్కా. చెప్దామని చేశాను కూడా. నీ గొంతు వినేసరికి ధైర్యం చాలక, కొబ్బరికాయలు దింపించారా అని అడిగి పెట్టేశాను. కాగితం అయితే, చింపినా చదివాకే చింపుతావు.

ముందు ఇక్కడి సంగతులు చెబుతాను. మన దగ్గర రైసు మిల్లు మూసేశాక ఈయన ఎన్ని చోట్ల తిరిగారో నీకు తెలుసు. ఇక్కడి నూలు మిల్లులో ఫిట్టరు పని కుదిరింది. మిషన్ల హోరుకి చెవులు గింగుర్లెత్తుతున్నాయి గానీ పని బాగానే ఉందంటున్నారు. ఇల్లు చిన్నది. నేలంతా నాపరాయి. వేసవిలో వచ్చామేమో, మొదట్లో ఆ రాయి మీద అడుగు పెడితే పెనం మీద పెట్టినట్టే ఉండేది. శ్రావణం వచ్చినా వాన ఆకాశంలోనే ఉంది, కిందికి రావడం లేదు. నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి. బిందెలు పట్టుకుని నిలబడినప్పుడు మన కాలవ గుర్తొస్తుంది. గుమ్మం దిగితే నీళ్ళు ఉన్న ఊరు విడిచి వచ్చామే అనిపిస్తుంది. అయినా బాగానే ఉన్నాం, నువ్వేం దిగులు పెట్టుకోకు.

తిండి సంగతి చెప్పాలంటే, వీళ్ళు కారం మనం ఉప్పు వేసినట్టు వేస్తారు. నేను పులుసులో బెల్లం ముక్క వేస్తే పక్కింటి మీరాంబి రుచి చూసి, "ఇది కూరా పాయసమా అక్కా?" అని పొట్ట పట్టుకుని నవ్వింది. మాటా అంతే కారం. మొదటి నెల్లాళ్ళూ ఎవరు మాట్లాడినా తిడుతున్నారనుకునేదాన్ని. కూరలబండి అతను, "ఏందమ్మా, తీసుకుంటే తీసుకో, పిసికి చూడమాక" అని కసిరాడు. ఏడుపొచ్చింది. ఆ తర్వాత నాకు జ్వరం వచ్చి వీధిలోకి రాకపోతే అతనే గుమ్మం ముందుకొచ్చి, "జొరమంటగా, ఇంద" అని నిమ్మకాయలు పడేసి పోయాడు. మనుషులు మంచివాళ్ళే. మాట గరుకు.

నేను అండీ అన్నప్పుడల్లా వీధిలో పిల్లలు నవ్వుతారు. మీరాంబి అయితే ఒకరోజు, "నువ్వు మాట్టాడతంటే మా నాటకాల హాల్లో అండీగారు గుర్తొస్తాడక్కా" అంది.

"ఎవరాయన?" అన్నాను.

"దెయ్యంలే" అని కుట్టుమిషను తొక్కుకుంటూ పోయింది.

మీరాంబి నాటకాల వాళ్ళకి బట్టలు కుడుతుంది. కిరీటాలకి పూసలు అతకడం, రాజు కోటుకి జరీ కుట్టడం, అన్నీ తనే. వాళ్ళ మామగారు కాసిం గారు వేషాలకి మేకప్పు వేసే మనిషి. ఇప్పుడు పెద్దవాడైపోయాడు, చూపు సరిగ్గా లేదు. అయినా నాటకం ఉందంటే ఆయన్ని రిక్షాలో అయినా తీసుకెళ్ళి కూర్చోబెడతారట. వినాయక చవితికి నాటకం వేస్తున్నారని, బట్టలు చానా ఉన్నాయి, చెయ్యి సాయం పట్టమని మీరాంబి అడిగింది. పగలంతా ఒక్కదాన్నే గోడలు చూస్తూ కూర్చుంటాను కదా, సరే అన్నాను. చూశావా, చానా అని రాశాను. ఈ ఊరి మాట అంటుకుంటోంది.

కుట్టడం అయ్యాక బట్టల మూట ఆటోలో వేసుకుని ఇద్దరం ఆ హాలుకి వెళ్ళాం. దారిలో అడిగాను, ఆ దెయ్యం సంగతేమిటని.

"భయపడమాక అక్కా, మంచి దెయ్యం. ఎప్పుడో ఈ హాల్లో పద్యాలు అందించేవాడంట. స్టేజీ మీదోడు మర్చిపోతే తెర పక్కన కూచుని మెల్లంగా చెబుతాడు చూడు, ఆ పని. చచ్చిపోయినా మానలా. మీ గోదారోళ్ళ మాదిరే అందరినీ అండీ అండీ అనేవాడంట. అందుకే అండీగారు."

"నువ్వు విన్నావా?"

"నేను యాడ విన్నా. బళ్ళో లెక్కల మేష్టారు విన్నాడు. వేషమేసి నిలబడి ఒక్క ముక్క గుర్తు రాక చెమటలు పట్టినయ్యంట. 'అందుకోండి బాబూ' అని వినపడిందంట. ఇంకోసారి కరెంటు పోతే, చీకట్లో దిగబోయే పిల్లకి 'మెట్టుందండి, చూసుకోండి' అన్నాడంట. మా పల్నాడు దెయ్యమైతే 'ఒరేయ్, కళ్ళు కనపడట్లా?' అనేది!"

ఆటో అబ్బాయి కూడా నవ్వాడు. నేనూ నవ్వానక్కా. అదే నన్ను ఇప్పటికీ పీకుతోంది. పడీ పడీ నవ్వాను.

ఆ హాలు తెల్లదొరల కాలంలో కట్టిందట. ఊరి పెద్దలు చందాలు వేసుకుని కట్టించారని చెబుతారు. రాతి గోడలు, మీద పెంకులు. కొన్నాళ్ళు సినిమాలు కూడా ఆడాయట, వెనక గోడ మీద తెల్లటి సున్నం పట్టీ ఇంకా ఉంది. పెంకులు లేచిపోయిన చోట రేకులు కప్పారు. పావురాలు లోపలికీ బయటికీ స్వంత ఇంట్లోలా తిరుగుతున్నాయి. ముందు వరసలో కర్ర బెంచీలు, వెనక తుప్పు పట్టిన కుర్చీలు. స్టేజీ మాత్రం మంచి టేకు. ఎన్ని కాళ్ళు తొక్కాయో, అద్దంలా నున్నగా ఉంది.

ఎడమ పక్క తెర చాటున ఒక ముక్కాలిపీట ఉంది. ఎవరూ దాని మీద కూర్చోరు. వేషగాళ్ళు స్టేజీ ఎక్కే ముందు దాన్ని ముట్టుకుని కళ్ళకద్దుకుంటున్నారు. "అండీగారూ, చూస్కోండి" అని ఒక మాట అని ఎక్కుతున్నారు. గుళ్ళో గంట కొట్టినంత మామూలుగా.

సాయంత్రం రిహార్సలు మొదలైంది. రాజు వేషం హనుమంతరావుగారిది. రాజుపాలెం రైతు. పొద్దున్నంతా మిరప నారు చూసుకుని మధ్యాహ్నం బస్సెక్కి వస్తాడట. గొంతు ఖంగున మోగుతుంది. ఒక పద్యం సగంలో ఉండగా ఆగిపోయాడు. హార్మోనియం ఆయన మెట్ల మీద చెయ్యి అలాగే నొక్కి పట్టుకున్నాడు. హనుమంతరావుగారు కంగారు పడలేదు. తల కొంచెం ఎడమ పక్కకి వంచాడు, పక్క గదిలోంచి ఇంట్లోవాళ్ళు ఏదో చెబుతుంటే వినేవాడిలా. పద్యం అందుకున్నాడు.

అయ్యాక నేను ఆగలేక అడిగాను, "వినపడిందాండీ?" అని.

"ఏమోనమ్మా" అన్నాడు మొహం తుడుచుకుంటూ. "వినపడిందంటే అబద్ధం. వినపళ్ళేదన్నా అబద్ధమే. అటు తలొంచితే వస్తది, అంతే."

తర్వాత మీరాంబి నన్ను గ్రీన్‌రూములోకి తీసుకెళ్ళింది. కాసిం గారు చాప మీద కూర్చుని రంగు ముద్ద కలుపుతున్నారు. "ఈ జరీ పనంతా ఈ అక్క చేసింది మామా" అంది. నేను మొహమాటంగా, "అబ్బే, అంతా మీరాంబేనండి. నేను ఊరికే సూది పట్టుకున్నానండి" అన్నాను.

ఆయన చెయ్యి గిన్నెలో ఆగిపోయింది. తల ఎత్తారు. కళ్ళలో పొర, నన్ను చూడలేరు.

"ఎవురమ్మా నువ్వు? ఏ ఊరు?"

"రాజోలు పక్కనండి."

"పక్కనంటే? కాలవ గట్టునా?"

"అవునండి. లాకులు దాటాక."

"లాకులు దాటాక ఒక పెంకుటిల్లు. ముందర నుయ్యి. సత్యవతమ్మ గారిల్లు." ఆయన అడగడం లేదక్కా, వరసగా చెప్పుకుంటూ పోతున్నారు. "ఆ ఇంటోళ్ళు ఎరికేనా నీకు?"

"మా అమ్మండి" అన్నాను. నాకింకా ఏమీ అర్థం కాలేదు. మన ఊరు తెలిసిన మనిషి దొరికాడని సంబరపడ్డాను కూడా.

ఆయన రంగు చేతులు లుంగీకి తుడుచుకున్నారు. నా వైపు జరిగారు.

"వరమా? తాయారా?"

మీరాంబే చెప్పింది, "తాయారు మామా" అని.

"మీ నాయన ఈడే ఉండేవాడు తల్లీ. ఈడే పొయ్యాడు" అన్నారు.

అక్కా, ఇక్కడ కాగితం చింపకు. నీకు ఆయన పేరెత్తితేనే పడదని నాకు తెలుసు. నేను పాకుతున్నప్పుడు ఇల్లు విడిచి వెళ్ళిపోయాడు. నువ్వు పలకా బలపం పట్టుకుని బడికి పోయేదానివి. నాకు ఆయన గురించి తెలిసిందంతా నువ్వూ మావయ్యా చెప్పిందే. నాటకాల పిచ్చోడు, గొంతుంది కదా అని మిడిసిపడేవాడు, కంపెనీలో వేషాలేసే ఎవరినో తగులుకుని అటే పోయాడు అని. నీ పెళ్ళిలో మావయ్య కాళ్ళు కడిగి కన్యాదానం చేస్తుంటే నువ్వు పీటల మీద తల ఎత్తలేదు. ఆ కోపం నీకు ఉండాల్సిందే. నాకైతే కోపం కూడా లేదు, ఎరగని మనిషి మీద ఏం కోపం ఉంటుంది.

కాసిం గారు చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

నాన్న మన ఊరి నుంచి ఒక నాటక కంపెనీతో వచ్చారట. వచ్చే ముందు మావయ్యతో మాటా మాటా అనుకున్నారట. పేరు తెచ్చుకునే వస్తాను, అప్పటిదాకా ఈ గుమ్మం ఎక్కను అని వచ్చేశారట. ఈ హాల్లో పాడితే బయట బజారులో బండ్లు ఆగేవట. తర్వాత గొంతు పాడైంది. రోజూ పాడి పాడి లోపల పుండు పడిందో, మరేమో. గుంటూరు ఆసుపత్రిలో కోసి తీశారు. ప్రాణం దక్కింది గానీ గొంతు పోయింది. గాలి తప్ప శబ్దం రాదు. చెవి దగ్గర పెట్టుకుంటేనే వినపడేదట. కంపెనీ వాళ్ళు దారి ఖర్చు కూడా చూడకుండా వదిలేసి పోయారు.

"నేనే తెచ్చుకున్నా మా ఇంటికి" అన్నారు కాసిం గారు. కంపెనీలో ఎవరో ఆడమనిషితో పోయారని విన్నామండి అన్నాను. "ఎవురో ఆడదంటివే, ఎవురూ లేరమ్మా. ఆ ఆసుపత్రిలో నేనొక్కణ్ణే ఉన్నా. తర్వాత పద్యాలు అందించే పని పెట్టించాం. గుసగుసగా చెప్పాల్సిన పనికి ఆ గొంతు సరిపోయింది. పద్యాలన్నీ నోటికొచ్చు మీ నాయనకి."

మావయ్య చూసి చెప్పలేదక్కా. అనుకుని చెప్పాడు. మనం అదే నమ్మి పెరిగాం. అమ్మ కూడా.

"మరి ఇంటికెందుకు రాలేదండీ?" అని అడిగాను. అడగడం కాదు, అరిచాను. మీరాంబి నా భుజం పట్టుకుంది.

"వచ్చాడు. నేనూ వచ్చా" అన్నారాయన.

మన వైపు ఎక్కడో నాటకం ఉంటే ఇద్దరూ వచ్చారట. అది అయ్యాక కాసిం గారే బలవంతం చేసి లాకుల దాకా తీసుకొచ్చారు. ఎండాకాలం మధ్యాహ్నం. గుమ్మంలో ఒక పిల్ల జడ అల్లుకుంటూ కూర్చుని ఉంది. పక్కన చిన్నది బొమ్మలు పేర్చుకుంటోంది. నాన్న వెళ్ళి నిలబడ్డారు. పెదాలు కదిపారు. ఆ పిల్లకి ఏమీ వినపడలేదు. లోపలికి కేకేసింది, "అమ్మా, ఎవరో మూగాయనే. దాహమేమో" అని. లోపల్నుంచి అమ్మ, "మజ్జిగుంది, ఇవ్వవే" అంది. ఆ పిల్ల గ్లాసుతో మజ్జిగ తెచ్చి ఇచ్చింది. తాగాక ఇంకొంచెం కావాలాండీ అని అడిగింది. ఆయన వద్దని చెయ్యి ఊపి గ్లాసు ఇచ్చేశారు. అమ్మ తలుపు దాకా వచ్చి చూసి, ఎవరో బాటసారి అనుకుని లోపలికి పోయింది. గడ్డం పెరిగి, మనిషి సగమై ఉన్నాడట అప్పటికి. ఆవిడ నుదుటి మీద బొట్టు చూశాడట నాన్న.

ఆ పిల్లవి నువ్వే అక్కా. బొమ్మలు పేర్చేదాన్ని నేను. నాకు గుర్తు లేదు. నీకూ ఉండదు. దారిన పోయే ప్రతివాడికీ మనింట్లో మజ్జిగ ఇచ్చేవాళ్ళం కదా, ఏ ఒక్కడు గుర్తుంటాడు?

"కాలవ గట్టు మీద చింతచెట్టు కింద నేను నిలబడి ఉన్నా" అన్నారు కాసిం గారు. "వచ్చేశాడు. ఏంది, చెప్పలేదా అంటే, 'నన్ను మూగవాడనుకున్నారండీ. మూగవాడు వెళ్ళి ఏం చెబుతాడండీ. ఆవిడ బొట్టు పెట్టుకునే ఉంది, అది చాలండీ' అన్నాడు. నన్ను కూడా అండీ అనేవాడమ్మా, ఒకే కంచంలో తిన్నోణ్ణి. ఊరందరికీ మాట అందించాడు. ఆ గుమ్మం కాడ ఆయనకి అందించేవాడు లేకపాయ. నేనన్నా అరవాల్సింది, 'అమ్మా, మీ ఆయనే, గొంతు పోయింది' అని. నాకు గొంతు ఉండె గదా. అరవలా. పరాయి ఊరు, పరాయి ఇల్లు, మనకెందుకులే అనుకున్నా. ఇప్పటికీ ఆ మాట ఈడ ఆగిపొయ్యుంది" అని గుండె మీద చెయ్యి పెట్టుకున్నారు.

ముసలాయన ఏడుస్తుంటే నేను ఊరుకోబెట్టాను. నాకు అప్పుడు ఏడుపు రాలేదు. ఇంటికొచ్చి బియ్యం కడుగుతుంటే వచ్చింది.

పోవడం కూడా అక్కడే పోయారట. వానాకాలం. రిహార్సలు జరుగుతుండగా ఆ పీట మీద కూర్చుని గోడకి తల ఆనించారు. నిద్రపోయాడనుకున్నారట అందరూ. ఒకాయన పద్యం మర్చిపోయి అటు చూస్తే అందించలేదు. అప్పుడు లేచి వెళ్ళి చూశారు. మన వాళ్ళెవరో తెలిసిన కాసిం గారు మన ఊరికి కబురు పెడదామంటే, ఆ ఇంటావిడ బొట్టు చెరపొద్దని నాన్న ముందే మాట తీసుకున్నారట. ఈ హనుమంతరావుగారి నాన్నగారే అప్పట్లో రాజు వేషం. ఆయనే తలకొరివి పెట్టారు. ఇప్పుడు ఆయనా లేరు.

అక్కా, అమ్మ పోయినప్పుడు నువ్వే కదా పసుపు రాసి, పెద్ద బొట్టు దిద్ది, పూలు ముడిచావు. పుణ్యస్త్రీ చావని ఊరు ఊరంతా వచ్చి పసుపు కుంకాలు తీసుకెళ్ళారు. అప్పటికి నాన్న పోయి ఎన్నో ఏళ్ళు. ఆ బొట్టు ఆయన ఉంచిన బొట్టు. అది మంచి జరిగిందో చెడు జరిగిందో నాకు తేలడం లేదు. తెలిసి ఉంటే అమ్మ ఒక్కసారి ఏడ్చి ఊరుకునేది. తెలియలేదు కాబట్టి చివరిదాకా కోపంగా ఎదురుచూసింది. పోయే ముందు వీధి తలుపు తీసే ఉంచమంది, గుర్తుందా? గాలి కోసమనుకున్నాం. గాలి కోసమేనేమో. నాకు ఇప్పుడు ఏదీ అంత మామూలుగా అనిపించడం లేదు.

నిన్న మీ మరిదిని తీసుకుని మళ్ళీ వెళ్ళాను. ఆయన సంగతి తెలుసు కదా, ఏం మాట్లాడాలో తెలియనప్పుడు ఏదో ఒకటి బాగుచేస్తారు. గ్రీన్‌రూము తలుపు బందు ఊడిపోయి వేలాడుతుంటే మేకులు తెప్పించి బిగించారు. కాసిం గారు గోడ మీది పాత గ్రూపు ఫోటో దింపించి చూపించారు. నాటకం వాళ్ళందరూ కిరీటాలు పెట్టుకుని నిలబడ్డారు. నాన్న చివర, సగం మొహమే పడింది. కనుబొమల మధ్య నీ గీతే అక్కా. నువ్వు కూరలో ఉప్పు తక్కువైతే పెట్టే గీత. ఫోనులో తీసుకున్నాను గానీ నీకు పంపను. వచ్చి చూడు.

హాలు ఎన్నాళ్ళుంటుందో తెలియదు. ఫంక్షన్ హాలు కడతారని కొందరు, కూలగొడతారని కొందరు అంటున్నారు. అందుకే ఆ పీట ఇంటికి తీసుకెళ్ళమన్నారు కాసిం గారు. మీ మరిది ఎత్తబోయారు కూడా. హనుమంతరావుగారు గబగబా అడ్డం వచ్చారు. "మీ నాయన పీట, మీరు తీసకపోతానంటే కాదనే హక్కు నాకు లేదమ్మా. కాకపోతే చవితి నాటకం అయ్యేదాకా ఉండనీయి. అది లేకపోతే నాకు నోరు పెగలదు" అన్నాడు. అంత మనిషి చేతులు జోడించాడు. ఉంచేయమన్నాను. వీళ్ళు నాన్న పీటని ముట్టుకుని కళ్ళకద్దుకున్నన్ని సార్లు మనం ఆయన్ని తిట్టుకున్నాం. పీట మీద హక్కు నాకు మాత్రం ఏముంది?

ఇక నీతో పని. కాసిం గారికి తిథి తెలియదు. "తిథులు మాకేం తెలుస్తయ్ తల్లీ, వాన పడతంది, అంతే" అన్నారు. ఇక్కడ పురోహితుణ్ణి అడిగాను. తిథి తెలియని వాళ్ళకి మహాలయ అమావాస్య నాడు పెట్టొచ్చట. కొడుకులు లేకపోతే కూతురి కొడుకు పెట్టొచ్చట. నాకు పిల్లలు లేరు. శ్రీనుని పంపించు అక్కా. తాతగారని వాడికి చెప్పు. నీ ఇష్టం లేకుండా నేను వాడితో అనను. ఇప్పటిదాకా ఆయన పేరున ఒక్క ముద్ద కూడా పెట్టిన వాళ్ళం కాదు మనం.

వాణ్ణి పంపితే చాలదు. నువ్వూ రా. చవితికి వస్తే నాటకం కూడా చూడొచ్చు. మోకాళ్ళంటావేమో, రైల్లో కింది బెర్తు చూడమని శ్రీనుకి చెబుతాను. పచ్చి చేపలు వద్దు గానీ నాలుగు కొబ్బరికాయలు, కాస్త తాటిబెల్లం తీసుకురా. మీరాంబికి నిజమైన పులుసు తినిపిస్తాను. మావయ్యకి ఈ సంగతి చెప్పకు. ఈ వయసులో ఆయన తట్టుకోలేడు.

ఇంకొక్క మాట ఉంది. నిన్న అందరూ టీకి వెళ్ళినప్పుడు నేను ఆ పీట ముందు నిలబడ్డాను. పిలుద్దామని. నాన్నా అందామని. రాలేదక్కా. నోరు తెరిచాను, రాలేదు. పుట్టి బుద్ధెరిగాక ఎవరినీ అలా పిలవలేదు కదా, అలవాటు లేని మాట. పద్యం మర్చిపోయిన వాళ్ళకి అందిస్తాడంటారే అని చాలాసేపు ఎడమ పక్కకి తల వంచి నిలబడ్డాను. పావురాల చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. నా నోట ఆ మాట ఆయన ఎప్పుడూ వినలేదు, ఆయన మాత్రం ఏమని అందిస్తారు?

నువ్వు పిలిచావు. చిన్నప్పుడు రోజూ పిలిచే ఉంటావు. ఆ పిలుపు ఆయన చెవిన పడింది. కోపంగానే రా, తిడుతూనే రా, నేను ఏమీ అనను. వచ్చి ఒక్కసారి నువ్వు పిలువు. నీ వెనకాల నేనూ అంటాను.

బావగారికి నమస్కారాలు, శ్రీనుకి దీవెనలు, వీధిలో పెద్దలందరినీ అడిగానని చెప్పు. మమ్మల్ని ఆశీర్వదించు.

నీ చెల్లెలు,
తాయారు